చిరునామా రీడింగ్, పన్ను వోకింగ్‌హామ్‌కు: ఇంగ్లండ్‌లో బరో కౌన్సిల్ ఎలా నడుస్తుంది?

కొత్తకాపు (ఎర్లీ)

అందరికీ నమస్కారం. ఈ మధ్యే హైదరాబాద్ నుంచి వచ్చి ఎర్లీలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. చిరునామాలో రీడింగ్ అనే ఉంటుంది, రైలు దిగేదీ రీడింగ్‌లోనే. కౌన్సిల్ టాక్స్ (ఇంటి మీద వేసే స్థానిక పన్ను) బిల్లు మాత్రం వోకింగ్‌హామ్ బరో కౌన్సిల్ నుంచి వచ్చింది. అందులో మళ్లీ పోలీసులకు ఇంత, అగ్నిమాపక దళానికి ఇంత, ఎర్లీ టౌన్ కౌన్సిల్‌కు ఇంత అని విడివిడిగా వేశారు.

పాపను స్కూలుకు నడిపించి తీసుకెళ్లే దారిలో ఒకచోట కార్లు చాలా వేగంగా వస్తాయి. అక్కడ జీబ్రా క్రాసింగ్ కావాలని అడగాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? మేయరా, ఎంపీనా, కౌన్సిలరా? మన దగ్గరైతే కార్పొరేటర్ ఇల్లు ఎక్కడని వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. ఇక్కడ ఏ పని ఎవరిదో, నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. అద్దెకున్నవాళ్లకు అడిగే హక్కు ఉందా అన్నది కూడా చెప్పండి.

కెన్నెట్‌గట్టు (రీడింగ్)

స్వాగతం తమ్ముడూ. ముందు హద్దుల సంగతి. జనం రీడింగ్ అని పిలిచే ఊరు రీడింగ్ బరో, అంటే ఆ పేరుతో ఒక కౌన్సిల్ పాలించే ప్రాంతం, కంటే చాలా పెద్దది. ఎర్లీ, వుడ్లీ వోకింగ్‌హామ్ బరోలో ఉన్నాయి. పడమటి వైపు కాల్కాట్, పర్లీ వెస్ట్ బర్క్‌షైర్ కిందికి వస్తాయి. ఊరు పెరుగుతూ పోయింది, పాలనా హద్దు పాతచోటే ఉండిపోయింది. అందుకే ఒకే రోడ్డుకు ఈ పక్క ఇంటికి ఒక కౌన్సిల్, ఆ పక్క ఇంటికి మరో కౌన్సిల్ ఉండడం ఇక్కడ మామూలే.

ఒకప్పుడు వీటన్నిటి మీదా బర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ ఉండేది. దాన్ని 1998 ఏప్రిల్ 1న రద్దు చేశారు. అప్పటి నుంచి రీడింగ్, వోకింగ్‌హామ్, స్లవ్, బ్రాక్‌నెల్ ఫారెస్ట్, వెస్ట్ బర్క్‌షైర్, విండ్సర్ అండ్ మెయిడెన్‌హెడ్ అనే ఆరు కౌన్సిళ్లు పని పంచుకున్నాయి. వీటిని యూనిటరీ కౌన్సిళ్లు అంటారు. బడుల్లో సీట్లు, రోడ్లు, వీధి దీపాలు, చెత్త, ఇళ్ల నిర్మాణ అనుమతులు, గ్రంథాలయాలు, వృద్ధుల సంరక్షణ, ఆపదలో ఉన్న పిల్లల రక్షణ, ఆహార పరిశుభ్రత తనిఖీలు, జనన మరణ నమోదు అన్నీ ఒకే కౌన్సిల్ చేతిలో ఉంటాయి. పోలీసులు, అగ్నిమాపక దళం వేరే సంస్థలు. ఆసుపత్రులు దేశవ్యాప్త ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్ఎస్‌వి.

మీ బిల్లులోని ఎర్లీ టౌన్ కౌన్సిల్ అన్నిటికంటే కింది అంచె, మన గ్రామ పంచాయతీ స్థాయి అనుకోండి. మెయిడెన్ అర్లీ చెరువు చుట్టూ ఉన్న ప్రకృతి వనాన్ని చూసుకునేది వాళ్లే. ఎప్పుడైనా పాపను తీసుకెళ్లండి. రీడింగ్ బరోలో ఈ అంచె లేదు.

మేయర్ సంగతి. మన వైపు రెండు బరోల్లోనూ మేయర్ పదవి గౌరవప్రదమైనదే కానీ పాలనాధికారం లేనిది. కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, ఉత్సవాలకు వెళతారు. పాలన నడిపించేది కౌన్సిల్ లీడర్. ఇక ఎంపీ వెస్ట్‌మిన్‌స్టర్, అంటే దేశ పార్లమెంటు మనిషి. క్రాసింగ్ విషయంలో ఎంపీకి రాస్తే ఆ ఉత్తరం తిరిగి కౌన్సిల్‌కే వస్తుంది. మీరు నేరుగా మీ వార్డు కౌన్సిలర్లకే రాయండి. అద్దెకున్నా సొంతిల్లున్నా మీరు అక్కడి నివాసి. పైగా ఇక్కడ కౌన్సిల్ టాక్స్ కట్టవలసింది మామూలుగా ఇంట్లో ఉండేవారే, ఇంటి యజమాని కాదు.

గోదారిగట్టు (స్లవ్)

అన్నా, మీరు ఎంత చెప్పినా నాకు మింగుడుపడనిది ఆ బిల్లే. ఇంగ్లండ్‌లో డి బ్యాండ్ (ఇంటి విలువను బట్టి పెట్టిన తరగతి) ఇంటికి 2025-26లో సగటు కౌన్సిల్ టాక్స్ 2,280 పౌండ్లు. జీతంలో ఆదాయపు పన్ను కోసుకున్న తర్వాత మళ్లీ ఇది. నాకు కంటికి కనిపించే సేవ చెత్త తీసుకెళ్లడం ఒక్కటే. గుంతల రోడ్డు గుంతల రోడ్డుగానే ఉంది. ఈ డబ్బంతా ఎక్కడికి పోతోంది?

లెక్కలమాస్టారు (మిల్టన్ కీన్స్)

బాబూ, మంచి ప్రశ్న అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు తెలియకనే చాలామంది కౌన్సిల్ మీద కోపం పెంచుకుంటారు.

యూనిటరీ కౌన్సిల్ ఖర్చులో సగానికి మించి రెండే రెండు పనులకు పోతుంది. ఒకటి, సొంతంగా స్నానం చేయలేని, వండుకోలేని వృద్ధులకు, వికలాంగులకు సాయం. రెండోది, ఇంట్లో హింస వల్లో నిర్లక్ష్యం వల్లో ప్రమాదంలో పడిన పిల్లల రక్షణ. ఇవి చట్టం విధించిన బాధ్యతలు. డబ్బు లేదని కౌన్సిల్ తప్పించుకోవడానికి వీలులేదు. వృద్ధుల సంఖ్య పెరుగుతోంది, సంరక్షణ ఖర్చు పెరుగుతోంది. 2010 తర్వాత కేంద్రం ఇచ్చే గ్రాంట్లు మాత్రం బాగా తగ్గాయి. కనుక కోత పడేది తప్పనిసరి కాని వాటి మీద, అంటే గ్రంథాలయ వేళలు, పార్కులు, యువజన కేంద్రాల వంటి వాటి మీద. రోడ్ల మరమ్మతు తప్పనిసరే అయినా ఎంత తరచుగా, ఎంత బాగా చేయాలన్న దగ్గర సర్దుకుంటున్నారు. మీ వీధిలో కనిపించని సేవే మీ పన్నులో పెద్ద వాటా తింటోంది. ఆ సేవ అందుతున్న ఇంట్లోవాళ్లకు అదే బతుకు.

పన్ను ఎలా వేస్తారో కూడా తెలుసుకోవాలి. ఈ పన్ను 1993లో వచ్చింది. ఇంటి విలువ ఇప్పటిది కాదు, 1991 ఏప్రిల్ 1న అది ఎంతకు అమ్ముడుపోయేదో చూసి ఎ నుంచి హెచ్ వరకు ఎనిమిది బ్యాండ్లుగా పెట్టారు. ఇంగ్లండ్‌లో ఇన్నేళ్లలో మళ్లీ విలువ కట్టలేదు. ఇది న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. అత్యంత ఖరీదైన హెచ్ బ్యాండ్ భవనానికి డి బ్యాండ్ ఇంటి పన్నుకు సరిగ్గా రెట్టింపు పడుతుంది, అంతకు మించదు. ఎ బ్యాండ్ చిన్న ఫ్లాటుకు డి పన్నులో మూడింట రెండు వంతులు పడుతుంది. భవనం విలువ ఫ్లాటుకు పదింతలున్నా పన్ను మూడింతలే.

ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు ఉంది. అడగకపోతే ఇవ్వరు. పన్ను మామూలుగా పది వాయిదాలు. పన్నెండు నెలలకూ సర్దమని కోరే హక్కు ఉంది. సర్దితే నెలవారీ భారం తేలికపడుతుంది.

గోదారిగట్టు (స్లవ్)

మాస్టారూ, సంరక్షణ సంగతి అర్థమైంది. కాదనను. కానీ గుంతలో పడి కారు టైరు పగిలితే ఆ ఖర్చు ఎవరిది?

లెక్కలమాస్టారు (మిల్టన్ కీన్స్)

రోడ్డును బాగు చేయించే బాధ్యత 1980 నాటి హైవేస్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్‌దే. నష్టపరిహారం అడగవచ్చు. అయితే అదే చట్టం 58వ సెక్షన్ కౌన్సిల్‌కు ఒక రక్షణ ఇస్తోంది. తగిన తనిఖీలు జరుపుతున్నాం, ఈ గుంత సంగతి మా దృష్టికి రాలేదు అని రుజువు చేసుకుంటే పరిహారం ఇవ్వనక్కర్లేదు. అందుకే గుంత కనిపించగానే ఫొటోతో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనో, వీధి సమస్యలు తెలిపే ఫిక్స్‌మైస్ట్రీట్ సైట్‌లోనో నమోదు చేయాలి. అలా తేదీతో ఒక రికార్డు ఏర్పడితే, తర్వాత అక్కడ నష్టపోయినవారికి అది బలం. మనకు ఏమీ కాకపోయినా నమోదు చేయడం పక్కవాడికి చేసే మేలు.

ప్రేక్షకురాలు (రీడింగ్)

నేను రీడింగ్ కౌన్సిల్ సమావేశాలకు వెళ్లి ప్రజల కుర్చీల్లో కూర్చుని వింటుంటాను. మన తెలుగువాళ్లు అక్కడ కనిపించరు. ఆ బాధతోనే ఇంత పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ నడపడానికి మూడు పద్ధతులు ఉన్నాయి. మొదటిది లీడర్, కేబినెట్. కౌన్సిలర్లు ఒకరిని లీడర్‌గా ఎన్నుకుంటారు, లీడర్ మరికొందరిని ఎంచుకుని శాఖలు అప్పగిస్తారు. వోకింగ్‌హామ్‌లో ఉన్నది ఇదే, అక్కడ కేబినెట్‌ను ఎగ్జిక్యూటివ్ అంటారు. రెండోది, ప్రజలు నేరుగా ఎన్నుకునే మేయర్. లండన్‌లోని క్రాయిడన్ బరో ప్రజలు 2021 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ ఓటింగులో) ఈ పద్ధతి కోరుకుని 2022లో తొలి మేయర్‌ను ఎన్నుకున్నారు. ఈ మేయర్‌కు నిజమైన అధికారం ఉంటుంది, మన ఉత్సవాల మేయర్‌లా కాదు. మూడోది కమిటీ పద్ధతి. రీడింగ్ 2013లో కేబినెట్‌ను వదిలి దీనికి తిరిగి వచ్చింది.

రీడింగ్‌లో 16 వార్డులు, వార్డుకు ముగ్గురు చొప్పున 48 మంది కౌన్సిలర్లు. అన్ని పార్టీలవాళ్లూ తమ బలానికి తగ్గట్టు కమిటీల్లో కూర్చుంటారు. విధానాలకు ఒక కమిటీ, ఇళ్లకు ఒకటి, సంరక్షణకూ విద్యకూ ఒకటి, ప్లానింగ్ (నిర్మాణ అనుమతుల) దరఖాస్తులకు ఒకటి. రోడ్ల మీద గీతలు, పార్కింగ్, క్రాసింగుల వంటివాటికి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ సబ్ కమిటీ ఉంది. అందులో వీధివాళ్ల అర్జీలు ఎజెండాలో అచ్చవుతాయి, అధికారుల నివేదిక వస్తుంది, అందరి ముందూ చర్చ జరుగుతుంది. నాకు కమిటీ పద్ధతే ఇష్టం. ప్రతిపక్ష కౌన్సిలర్‌కు కూడా నిర్ణయం జరిగే బల్ల దగ్గర కుర్చీ ఉంటుంది కనుక, ఆయనకు ఓటు వేసిన వార్డు జనం మాట అక్కడ వినబడుతుంది.

కొత్తకాపు గారూ, మీరు వోకింగ్‌హామ్ కనుక మీ దారి కొంచెం వేరు. ముందు మీ ముగ్గురు కౌన్సిలర్లకు ఒకే మెయిల్ రాయండి. ఏ చోట, ఏ వేళ, ఎంతమంది పిల్లలు దాటుతున్నారు అన్నది రాయండి. కౌన్సిల్ ఇంజినీర్లు దాటేవారి సంఖ్య, వాహనాల వేగం, గతంలో జరిగిన ప్రమాదాలు చూస్తారు. బడి ప్రధానోపాధ్యాయులతో ఒక ఉత్తరం రాయిస్తే బలం. తర్వాత ఎగ్జిక్యూటివ్ సమావేశానికి ప్రజల ప్రశ్నగా పంపండి. ప్రశ్నకు గడువు ఉంటుంది, ఆ తేదీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీరు అడిగింది, వాళ్లు చెప్పిన జవాబు రెండూ మినిట్స్‌లో శాశ్వతంగా నిలుస్తాయి. క్రాసింగ్ పెట్టాలని నిర్ణయిస్తే 1984 నాటి రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం పోలీసులను సంప్రదించి, ప్రజలకు నోటీసు ఇచ్చి ఆ పని చేస్తారు.

ప్రతి సమావేశం ఎజెండా కనీసం ఐదు పూర్తి పనిదినాల ముందు బయటపెట్టాలని చట్టం. చదవండి. మీ ఊరి భవిష్యత్తు అందులో ఉంటుంది.

కెన్నెట్‌గట్టు (రీడింగ్)

అక్కా, కమిటీ విషయంలో మీతో ఏకీభవించలేను. కమిటీ అంటే నిర్ణయం అందరిదీ, తప్పు జరిగితే ఎవరిదీ కాదు. కేబినెట్‌లో అయితే రోడ్లకు ఫలానా మనిషి బాధ్యత అని తెలుస్తుంది, ఆయన్ను నిలదీయవచ్చు. కేబినెట్ నిర్ణయాన్ని వెనక్కి పిలిచి మళ్లీ పరిశీలించమనే అధికారం స్క్రూటినీ కమిటీకి ఉండనే ఉంది. పార్టీ మెజారిటీ ఉన్నచోట కమిటీలో కూడా గెలిచేది ఆ పార్టీ మాటే కదా.

ప్రేక్షకురాలు (రీడింగ్)

గెలిచేది మెజారిటీ మాటే. కానీ గెలిచే ముందు వాదన బయట జరుగుతుంది. కేబినెట్‌లో చాలావరకు ముందే పార్టీ గదిలో తేలిపోయి, సమావేశం కొద్దిసేపట్లో ముగుస్తుంది. షెఫీల్డ్ జనం ఎందుకు కదిలారో చూడండి. ఓటర్లలో ఐదు శాతం సంతకాలు పెడితే పాలనా పద్ధతి మీద రెఫరెండం జరపాలి. అక్కడివాళ్లు ఆ సంతకాలు సేకరించి, 2021 మేలో రెఫరెండం గెలిచి, కమిటీ పద్ధతి తెచ్చుకున్నారు. 2025 జులైలో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు కమిటీ పద్ధతిని చాలావరకు తీసేయాలని చూసింది. తమ ఊరు ఎలా నడవాలో ఊరివాళ్లు తేల్చుకున్న తర్వాత లండన్‌లో కూర్చున్నవాళ్లు మార్చమనడం నాకు తప్పుగా తోస్తోంది.

మునిసిపల్_పెద్దాయన (విజయవాడ, ప్రస్తుతం బేసింగ్‌స్టోక్‌లో)

నేను మన దగ్గర మునిసిపాలిటీలో పనిచేసి రిటైరయ్యాను. అబ్బాయి దగ్గరికి వచ్చి ఈ చర్చ చదివాను. ఒక తేడా చెప్పాలనిపించింది.

మన మునిసిపల్ కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం పంపుతుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. కౌన్సిల్ తీర్మానం ఒక దిక్కు, కమిషనర్ ఫైలు మరో దిక్కు పోయిన సందర్భాలు ఎన్నో చూశాను. ఇక్కడ చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను కౌన్సిలే ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి నియమించుకుంటుంది. ఆయన జీతం, జవాబుదారీతనం రెండూ ఊరివే. ఆయనతో పాటు మరో ఇద్దరు చట్టబద్ధ అధికారులు ఉంటారు. లెక్కలకు బాధ్యుడైన అధికారిని 151వ సెక్షన్ అధికారి అంటారు, పని చట్టప్రకారం జరుగుతోందా అని చూసేవారు మానిటరింగ్ ఆఫీసర్. కౌన్సిలర్లు దారి తప్పుతుంటే రాతపూర్వకంగా హెచ్చరించే విధి ఈ ఇద్దరిది. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

నచ్చని సంగతి కూడా ఉంది. మనకు 1992లో 74వ రాజ్యాంగ సవరణ చేశారు. ఎన్నికలు ఆలస్యమై ప్రత్యేకాధికారుల పాలన వస్తున్నా, పట్టణ స్థానిక సంస్థలు ఉండి తీరాలని కనీసం రాజ్యాంగంలో రాసి ఉంది. ఇంగ్లండ్ కౌన్సిళ్లకు అలాంటి రక్ష లేదు. పార్లమెంటు తలచుకుంటే 1986లో గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ను తీసేసినట్టు, 1998లో మీ బర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌ను తీసేసినట్టు తీసేయగలదు. పన్ను పెంచడానికి కూడా కౌన్సిల్‌కు పూర్తి స్వేచ్ఛ లేదు. బడులు, సంరక్షణ చూసే కౌన్సిళ్లు ఇటీవలి సంవత్సరాల్లో ఐదు శాతానికి చేరినా మించినా స్థానిక రెఫరెండం పెట్టాలి. బాధ్యతలు ఊరివి, పగ్గాలు కేంద్రానివి అన్నట్టుంది.

వోకింగ్‌వాసి (వోకింగ్, సర్రే)

పెద్దాయన గారు చెప్పిన దానికి మా ఊరే సాక్ష్యం. ముందు ఒక మాట: వోకింగ్ వేరు, వోకింగ్‌హామ్ వేరు. రెండూ బరోలే కానీ మాది సర్రేలో ఉంది, రెండంచెల పాలన. చెత్త, ఇళ్లు, ప్లానింగ్ అనుమతులు, పార్కులు బరోవి. బడులు, రోడ్లు, సంరక్షణ సర్రే కౌంటీ కౌన్సిల్‌వి. బిల్లు మొత్తం వసూలు చేసేది బరో అయినా అందులో సుమారు నాలుగింట మూడు వంతులు కౌంటీకి వెళతాయి, కొంత పోలీసులకు. బరోకు మిగిలేది చిన్న ముక్క.

అంత చిన్న కౌన్సిల్ ఊరి నడిబొడ్డున ఎత్తైన అపార్ట్‌మెంట్ టవర్లు, హోటలు, షాపులతో విక్టోరియా స్క్వేర్ కట్టించడానికి పూనుకుంది. ప్రభుత్వమే నడిపే పబ్లిక్ వర్క్స్ లోన్ బోర్డు నుంచి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి, తన భాగస్వామ్యం ఉన్న కంపెనీలకు ఇచ్చింది. అద్దెలు వస్తాయి, అప్పు తీరుతుంది, మిగులుతో సేవలు నడుస్తాయి అన్నది ఆలోచన. 2023 మేలో ప్రభుత్వం కమిషనర్లను పంపింది. జూన్‌లో 114వ సెక్షన్ నోటీసు వచ్చింది. ఏడాదికి 1.6 కోట్ల పౌండ్ల కీలక నిధులున్న కౌన్సిల్‌కు 120 కోట్ల పౌండ్ల లోటు తేలింది.

ఆ నోటీసు అంటే చాలామంది కౌన్సిల్ మూతపడిందనుకుంటారు. మూతపడదు. చట్టం చెప్పిన సేవలు, ఇప్పటికే కుదిరిన ఒప్పందాలు నడుస్తాయి, కొత్త ఖర్చు మాత్రం ఆగిపోతుంది. ఆ నోటీసు ఇచ్చేది పెద్దాయన గారు చెప్పిన లెక్కల అధికారే. ఆ మరుసటి ఏడాది బరో వాటా పన్నును పది శాతం పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది. వాటా చిన్నది కనుక మొత్తం బిల్లులో అది పెద్దగా కనిపించలేదు. అయితే స్వచ్ఛంద సంస్థల గ్రాంట్లు, ఊళ్లోని మరుగుదొడ్లు, ఈత కొలను అన్నిటి మీదా చర్చ జరిగింది. ముసలివాళ్లు సమావేశాలకు వచ్చి మాట్లాడుతుంటే వినడం కష్టమైంది.

మునిగింది మా ఊరు ఒక్కటే కాదు. క్రాయిడన్ 2020లో, స్లవ్ 2021లో, తరక్ 2022లో, బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ 2023లో ఇదే నోటీసు ఇచ్చాయి. ఒక్కొక్కరి కారణం ఒక్కొక్కటి. కొందరిది పెట్టుబడుల జూదం, బర్మింగ్‌హామ్‌లో సమాన వేతన బకాయిలు ఒక పెద్ద కారణం.

ఇప్పుడు సర్రేలో కౌంటీ కౌన్సిల్, పదకొండు బరో, జిల్లా కౌన్సిళ్లు అన్నీ పోయి, 2027 ఏప్రిల్ నుంచి తూర్పు సర్రే, పశ్చిమ సర్రే అనే రెండు యూనిటరీలు రావాలని ప్రభుత్వం 2025 అక్టోబరులో నిర్ణయించింది. మా అప్పులో 50 కోట్ల పౌండ్లు తామే తీరుస్తామని కూడా చెప్పింది. మిగిలిన అప్పు కొత్త కౌన్సిల్ మీద ఎలా పడుతుందోనని మాతో పాటు అందులోకే రాబోయే గిల్డ్‌ఫర్డ్ వైపు వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే.

గోదారిగట్టు (స్లవ్)

మా స్లవ్ పేరు కూడా వచ్చింది కనుక అడుగుతున్నాను. అంత అప్పు పెరుగుతుంటే మామూలు మనిషి ముందే కనిపెట్టే దారి ఏదైనా ఉందా?

ప్రేక్షకురాలు (రీడింగ్)

ఉంది, అయితే వాడేవాళ్లు తక్కువ. 2014 నాటి ఆడిట్ చట్టం ప్రకారం ప్రతి ఏటా 30 పనిదినాల పాటు కౌన్సిల్ లెక్కలను, వాటి వెనుక ఉన్న బిల్లులను, ఒప్పందాలను ఆసక్తి ఉన్న ఎవరైనా తెరిచి చూడవచ్చు. అక్కడి ఓటరైతే ఆడిటర్‌కు ప్రశ్న వేయవచ్చు, అభ్యంతరం చెప్పవచ్చు. 500 పౌండ్లు దాటిన ప్రతి చెల్లింపునూ కౌన్సిల్ ప్రచురిస్తుంది. సమాచార హక్కు కింద అడిగితే 20 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. మన దగ్గర సమాచార హక్కు చట్టం వాడినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఫిర్యాదుకు కూడా వరుస ఉంది. ముందు కౌన్సిల్ సొంత ఫిర్యాదుల విభాగం, అక్కడ తేలకపోతే స్థానిక ప్రభుత్వ, సామాజిక సంరక్షణ అంబుడ్స్‌మన్ అనే స్వతంత్ర విచారణాధికారి. విషయం తెలిసిన ఏడాదిలోపు వెళ్లాలి, ఖర్చు లేదు.

ఓరుగల్లు_విద్యార్థి (రీడింగ్)

అక్కా, అన్నలూ, మా సంగతి కూడా చెప్పండి. ఒకే ఇంట్లో ఐదుగురం ఉంటున్నాం. నలుగురం ఎంఎస్ చదువుతున్నాం, ఒకరి చదువు అయిపోయి ఉద్యోగంలో చేరారు. పన్ను ఎవరు కట్టాలి? మా వీసా మీద ప్రభుత్వ నిధులు వాడకూడదని ఉంది కదా, కౌన్సిల్‌ను ఏదైనా అడిగితే వీసాకు ఇబ్బంది వస్తుందా అని భయం.

లెక్కలమాస్టారు (మిల్టన్ కీన్స్)

నాయనా, భయపడవద్దు. ఒక్కొక్కటి చూద్దాం.

ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులైతే పన్నే లేదు. యూనివర్సిటీ ఇచ్చే పత్రం కౌన్సిల్‌కు పంపాలి. మీ ఇంట్లో ఒకరు ఉద్యోగి. మిగతా నలుగురినీ లెక్కలోకి తీసుకోరు కనుక ఒక్కరే ఉన్నట్టు లెక్కేసి 25 శాతం తగ్గిస్తారు. అయితే అద్దె ఒప్పందాలు గదికి ఒకటి చొప్పున విడివిడిగా ఉంటే పన్ను కట్టే బాధ్యత ఇంటి యజమానిదే. ఒప్పందం తీసి చూసుకోండి.

చదువు పూర్తయిన రోజు నుంచి విద్యార్థి మినహాయింపు పోతుంది, గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక ఇక్కడే ఉండి పనిచేసుకునే వీసా) మీద ఉన్నవారు పన్ను కట్టాల్సిందే. దీని దగ్గరే మన పిల్లలు దెబ్బతింటున్నారు. నాకు తెలిసిన ఒక అబ్బాయి పాత ఇంటికి వచ్చిన ఉత్తరాలు చూసుకోక మేజిస్ట్రేట్ కోర్టు సమన్ల వరకు వెళ్లాడు. వాయిదా తప్పితే ముందు రిమైండర్ వస్తుంది. ఏడు రోజుల్లో కట్టకపోతే ఏడాది మొత్తం ఒకేసారి అడిగే అధికారం కౌన్సిల్‌కు ఉంది. తర్వాత కోర్టు ఆదేశం, ఆపైన జప్తు ఏజెంట్లు. కష్టంగా ఉంటే రిమైండర్ రాగానే ఫోను చేసి వాయిదాలు మార్చమని అడగండి.

వీసా విషయం: ఒంటరి నివాసి తగ్గింపు, విద్యార్థి మినహాయింపు ప్రభుత్వ నిధుల కిందికి రావు. ఆదాయం తక్కువవారికి ఇచ్చే కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ మాత్రం వస్తుంది. దానికి దరఖాస్తు పెట్టవద్దు. పిల్లల బడి, గ్రంథాలయం, రోడ్డు గురించి ఫిర్యాదు, ఇంటి తనిఖీ కోసం అడగడం, ఇవేవీ వీసాను తాకవు.

కెన్నెట్‌గట్టు (రీడింగ్)

ఇంకో సంగతి తమ్ముడూ. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేక అంతకు మించి ఒక ఇంట్లో వంటగది, స్నానాల గది పంచుకుంటూ ఉంటే ఆ ఇంటికి కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. 2018 అక్టోబరు నుంచి ఎన్ని అంతస్తులన్న లెక్క కూడా లేదు. పడక గది కనీస కొలత, పొగ అలారాలు, మంటలు వస్తే బయటపడే దారి అన్నీ ఆ లైసెన్సు షరతుల్లో ఉంటాయి. లైసెన్సు ఉందో లేదో కౌన్సిల్ జాబితాలో చూసుకోండి. లేకపోతే అది యజమాని నేరం, మీది కాదు. కట్టిన అద్దెలో కొంత వెనక్కి ఇప్పించమని ట్రిబ్యునల్‌ను కూడా అడగవచ్చు. పరాయి దేశంలో ఉన్నాం కదా అని కిక్కిరిసిన గదుల్లో ప్రాణం పణంగా పెట్టి ఉండకండి.

థేమ్స్_బస్సు (కావర్షమ్)

అందరూ పన్నుల గురించే రాస్తున్నారు. రీడింగ్ కౌన్సిల్ గురించి నాకు గర్వంగా ఉండే విషయం ఒకటి చెబుతాను. మన ఊరి రీడింగ్ బసెస్ కంపెనీ పూర్తిగా కౌన్సిల్ సొంతం. 1901లో గుర్రపు ట్రాములను ఊరు కొనుక్కోవడంతో మొదలైంది. 1980లలో దేశమంతా బస్సులను ప్రైవేటుకు వదిలేసినప్పుడు కూడా ఇది కంపెనీగా మారి ఊరి చేతిలోనే ఉండిపోయింది. ఇలాంటివి ఇంగ్లండ్‌లో కొన్నే మిగిలాయి. పక్కనున్న స్విండన్ 2017లో తన బస్సులను అమ్మేసుకుంది. అదే ఏడాది వచ్చిన చట్టం కౌన్సిళ్లు కొత్తగా బస్సు కంపెనీలు పెట్టకూడదంది, 2025లో వచ్చిన చట్టం ఆ అడ్డు తీసేసింది. లాభం వాటాదారుకు పోకుండా మళ్లీ బస్సుల్లోకే వస్తే సేవ ఎలా ఉంటుందో ఎక్కి చూడండి.

కొత్తకాపు (ఎర్లీ)

అందరికీ చాలా కృతజ్ఞతలు. కౌన్సిలర్లకు మెయిల్ రాశాను, ప్రధానోపాధ్యాయురాలిని కలవబోతున్నాను. మేం ఇంకా భారత పౌరులమే, వర్క్ వీసా మీద ఉన్నాం. మాకు ఓటు లేదు కదా, కౌన్సిలర్లు మా మాట పట్టించుకుంటారా?

ప్రేక్షకురాలు (రీడింగ్)

ఓటు ఉంది! ఈ మాట ప్రతి తెలుగు ఇంటికీ చేరాలి. భారత్ కామన్వెల్త్ దేశం. చెల్లే వీసా మీద ఇక్కడ నివసించే భారత పౌరులు, విద్యార్థులైనా ఉద్యోగులైనా, కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. ఆన్‌లైన్‌లో కొద్ది నిమిషాల్లో నమోదు అవుతుంది, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. 2023 మే నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలి, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఓటరు జాబితాలో పేరుంటే బ్యాంకు రుణం అడిగినప్పుడు కూడా మేలు.

రీడింగ్‌లో ఒకేసారి అందరినీ ఎన్నుకోరు. నాలుగేళ్లలో మూడేళ్లు, ప్రతిసారీ మూడింట ఒక వంతు కౌన్సిలర్లకు మే నెల మొదటి గురువారం ఎన్నిక జరుగుతుంది. వార్డు ఎన్నికలో కొద్ది ఓట్ల తేడాతో ఫలితం మారిపోతుంది. ఒక వీధిలోని తెలుగు కుటుంబాలన్నీ నమోదైతే ఏ పార్టీ అభ్యర్థి అయినా ఆ వీధి తలుపు తట్టకుండా పోరు.

ఓరుగల్లు_విద్యార్థి (రీడింగ్)

అక్కా, ఓటు వేయవచ్చు సరే. మనవాళ్లు పోటీ కూడా చేయవచ్చా?

కెన్నెట్‌గట్టు (రీడింగ్)

చేయవచ్చు. ఓటుకు మామూలు వీసా చాలు, పోటీకి మాత్రం భారత పౌరులకు శాశ్వత నివాస అనుమతి కావాలి. వయసు 18 నిండాలి. ఆ కౌన్సిల్ పరిధిలో ఓటరై ఉండాలి, లేదా ఏడాదిగా అక్కడ నివసిస్తూనో పనిచేస్తూనో ఉండాలి. నామినేషన్ మీద ఆ వార్డు ఓటర్లు ఇద్దరు సంతకం పెడితే చాలు. పార్లమెంటుకు 500 పౌండ్ల డిపాజిట్ ఉంది, కౌన్సిల్‌కు అసలు డిపాజిట్ లేదు. పార్టీ తరఫున నిలబడాలంటే ఆ పార్టీ అనుమతి పత్రం కావాలి, స్వతంత్రంగా అయితే అదీ అక్కర్లేదు. గెలిచినవారికి జీతం ఉండదు, భత్యం ఇస్తారు. సమావేశాలు చాలావరకు సాయంత్రాలే కనుక ఉద్యోగం చేసుకుంటూ చేసేవాళ్లు ఎందరో ఉన్నారు.

లెక్కలమాస్టారు (మిల్టన్ కీన్స్)

ఒక్క షరతు కలపండి. అదే కౌన్సిల్‌లో ఉద్యోగం చేస్తున్నవారు ఆ కౌన్సిల్‌కు పోటీ చేయకూడదు. కౌన్సిల్ బడిలో పనిచేసే మన టీచర్లు, సహాయకులు నామినేషన్‌కు ముందే ఎన్నికల అధికారి కార్యాలయంలో అడిగి తేల్చుకోవాలి. పక్క బరోకు పోటీ చేయడానికి ఆ అడ్డు లేదు, కాకపోతే పెద్ద పదవుల్లో ఉన్న అధికారులకు అక్కడ కూడా ఆంక్షలున్నాయి.